350 హెర్ట్జ్ ఎక్కడి నుంచి వస్తోంది: రేడియో గదిలో హమ్ తగ్గించిన డైరీ

ఫిర్యాదు, అప్పటి స్థితి

ఫిబ్రవరి చివరి వారం. పొద్దున హామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా నడుపుకునే రేడియోలో, 40 మీటర్ల బ్యాండ్ అనే తరంగాల మీద మాట్లాడుతుంటే కర్నూలు పెద్దాయన ఒకరు మధ్యలో ఆపి, "ఏమప్పా, నీ మాట వెనకాల బోరు మోటరు తిరుగుతాండాదే" అన్నారు. కడప నుంచి వింటున్న తమ్ముడు కూడా అదే మాట చెప్పాడు. మాట వెనక వినిపించే ఈ కరెంటు మోతనే హమ్ అంటాం. వాళ్లిద్దరి సిగ్నల్ నాకు శుభ్రంగా వస్తోంది. కాబట్టి తప్పు నా స్టేషన్‌లోనే ఉంది.

మాది అనంతపురం. రేడియో గది మిద్దె మీద ఉంటుంది. సామాను ఇది: ఒక హెచ్ఎఫ్ రిగ్ (పంపడం, వినడం రెండూ చేసే రేడియో), పదేళ్ల కిందట నేనే కట్టుకున్న 13.8 వోల్టుల లీనియర్ పవర్ సప్లై, ఎఫ్‌టీ8 (టోన్లతో చిన్న సందేశాలు పంపే పద్ధతి) కోసం లాప్‌టాప్, ఒక టేబుల్ మైక్, గోడ అవతల నేలలో దిగ్గొట్టిన ఎర్త్ రాడ్డు. నాది రిస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సు, 50 వాట్లు దాటను.

ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు నా దారి పట్టుకుని రావచ్చు. అంతకన్నా ముఖ్యంగా, నేను డబ్బులు, రోజులు పోగొట్టుకున్న చోట్ల మీరు పోగొట్టుకోకుండా ఉండాలని ప్రతి అంకె రాసి పెట్టుకున్నాను.

దశ 1: కొలిచే పద్ధతి (మార్చి 2, 3)

"హమ్ కొంచెం తగ్గినట్టుంది" అన్న మాటతో పని జరగదు. చెవి రోజుకో తీరుగా చెబుతుంది. అందుకే ముందు కొలత కుదుర్చుకున్నాను.

1. యాంటెన్నా పీకేసి, దాని బదులు ప్రసారాన్ని వేడిగా మింగేసే డమ్మీ లోడ్ పెట్టాను. 1 కిలో ఓమ్, 2 వాట్ల కార్బన్ రెసిస్టర్లు 20 పక్కపక్కన కలిపి కొబ్బరినూనె డబ్బాలో ముంచినది. 50 ఓములు వస్తుంది. వైరు చుట్టిన రెసిస్టర్లు దీనికి పనికిరావు.
2. లాప్‌టాప్ నుంచి 1000 హెర్ట్జ్ టోన్ పది సెకన్లు పంపాను.
3. కింది గదిలో సెల్స్‌తో నడిచే చిన్న ఎస్ఎస్‌బీ (హామ్‌లు గొంతు పంపే పద్ధతి) రిసీవర్, దాని హెడ్‌ఫోన్ సాకెట్‌కి ఫోను. ఫోనుకి చార్జర్ పెట్టలేదు. చార్జర్ గుచ్చితే ఆ ఫోనే ఇంకో హమ్ తెస్తుంది.
4. రికార్డింగ్‌ని ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్‌గా, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే బొమ్మగా, చూశాను. సైజు 16384 పెట్టాలి. 44,100 శాంపిళ్ల రికార్డింగ్‌లో అప్పుడు ఒక్కో గీత 2.7 హెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. చిన్న సైజు పెడితే 350, 400 ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.
5. టోన్ శిఖరాన్ని సున్నా అనుకుని, హమ్ దానికి ఎన్ని డీబీ (డెసిబెల్) కింద ఉందో రాసుకున్నాను. మైనస్ పక్కన అంకె ఎంత పెద్దదైతే హమ్ అంత తక్కువ.

ఇక్కడ నాకు కొత్తగా అర్థమైన విషయం ఒకటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. కానీ ఎస్ఎస్‌బీలో 50 హెర్ట్జ్ బయటికి పోనే పోదు, రిగ్‌లోని ఫిల్టర్ సుమారు 300 కింద ఉన్నదంతా కోసేస్తుంది. అవతలివాళ్లు వినేది దాని పై గుణిజాలను. అందుకే అది "ఊఁ" అన్నట్టు కాకుండా తేనెటీగల మోతలా వినిపిస్తుంది. ఏ గుణిజం పెద్దగా ఉందో చూస్తే దొంగ ఏ వైపు నుంచి వచ్చాడో చాలావరకు తెలుస్తుంది.

350, 450 పెద్దగా ఉంటే, అంటే 50కి బేసి గుణిజాలైతే, ఎర్త్ లూప్ (రెండు చోట్ల ఎర్త్ కలిసి, తీగలు చుట్టుగా మారి కరెంటు పారడం) వైపో ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంతం వైపో చూడాలి. 300, 400 పెద్దగా ఉంటే పవర్ సప్లైలో ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైర్ వైపు చూడాలి, ఎందుకంటే ఆ రెక్టిఫైర్ బ్రిడ్జి తర్వాత అలలు సెకనుకు 100 వస్తాయి. 1000 టోన్‌కి రెండు పక్కలా 900, 1100 దగ్గర ముళ్లు లేస్తే హమ్ ఆడియో తీగలో లేదు, పవర్ సప్లై అల రిగ్‌లో చివరగా పవర్ పెంచే ఫైనల్ స్టేజీని ఊపుతోంది.

తొలి కొలత:
350 దగ్గర −24 డీబీ. 400 దగ్గర −39. 900, 1100 దగ్గర పొద్దున −52, రాత్రి ఏడున్నరకి −23.

పొద్దున, రాత్రి అంకెల మధ్య 29 డీబీ తేడా చూసి నా లెక్కలోనే తప్పుందేమో అనుకున్నాను. రెండో రాత్రి కూడా కొలిచాను, అదే వచ్చింది. దాన్ని పక్కన పెట్టి ముందు 350ని పట్టుకున్నాను.

చివరిగా ఒక అడుగు రేఖ కావాలి కదా. కారు బ్యాటరీ మీద రిగ్‌ని 20 వాట్లకు తగ్గించి, లాప్‌టాప్‌ని దాని సొంత బ్యాటరీ మీద పెట్టి, ఎర్త్ వైరు కూడా విప్పి కొలిచాను: −62. ఈ గదిలో నేను చేరగలిగినంత ఇదే. మీరు కూడా ఈ బ్యాటరీ పరీక్ష ముందు చేయండి. బ్యాటరీ మీద కూడా హమ్ ఉంటే కింద రాసినదేదీ మీకు పనికిరాదు, తప్పు రిగ్ లోపల ఉన్నట్టు.

ఇప్పటిదాకా ఖర్చు: 0. 350 హెర్ట్జ్: −24.

దశ 2: ఫెర్రైట్ క్లిప్పులు (మార్చి 9)

మొదటి పొరపాటు. ఎవరో చెప్పారని తీగ చుట్టూ బిగించే ఫెర్రైట్ క్లిప్పులు ఆరు తెప్పించాను, ఒక్కోటి 80 రూపాయలు. ఆడియో కేబుల్ మీద రెండు, లాప్‌టాప్ చార్జర్ మీద రెండు, డీసీ వైరు మీద రెండు బిగించాను.

కొలత: −24. ఒక్క డీబీ కూడా కదల్లేదు.

కదలదు కూడా. ఆ క్లిప్పు అడ్డుపడేది మెగాహెర్ట్జ్‌లలో ఉన్న కరెంటుకి. 50 హెర్ట్జ్‌కి అది ఉన్నా లేనట్టే. మాట్లాడేటప్పుడు మీ గొంతే చీలిపోయి గరగరమంటే, లేదా ప్రసారం చేయగానే మౌస్ ఆగిపోతే, అది ఆర్ఎఫ్, అంటే మనం పంపే రేడియో తరంగమే, లోపలికి దూరడం. దానికి ఫెర్రైట్ మందు. హమ్‌కి కాదు. రెండు క్లిప్పులు మాత్రం యూఎస్‌బీ వైరు మీదికి మార్చాను, మిగతా నాలుగు డబ్బాలో ఉన్నాయి.

మొత్తం ఖర్చు: 480. 350 హెర్ట్జ్: −24.

దశ 3: ఎర్త్ పిన్ను తీసేయడం (మార్చి 15 నుంచి 17)

ఈ దశ రాయకుండా వదిలేయాలనిపించింది. కానీ ఈ సలహా మన హామ్‌లలో అందరి నోటా వినిపిస్తుంది, కాబట్టి రాయాలి.

"లాప్‌టాప్ చార్జర్ ఎర్త్ పిన్ను తీసెయ్యన్నా, లూప్ తెగిపోతాది, హమ్ పోతాది" అన్నారు. రెండు పిన్నుల అడాప్టర్ మధ్యలో పెట్టాను. 350 ఒక్కసారిగా −41కి దిగింది. 17 డీబీ! ఆ రోజు పని అయిపోయిందనే అనుకున్నాను.

రెండో రోజు సాయంత్రం లాప్‌టాప్‌కీ రిగ్‌కీ మధ్య కేబుళ్లన్నీ పీకి పక్కన పెట్టి కిందికి వెళ్లాను. మా అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చుని హోంవర్క్ చూసుకుంటోంది. "నాన్నా, ఇది చెయ్యి పెడితే జుమ్మంటాంది" అంది. లాప్‌టాప్ అడుగున ఉన్న స్క్రూకీ గోడ సాకెట్ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టాను. 94 వోల్టులు.

చార్జర్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫేజ్ నుంచి కొద్దిగా కరెంటును బయటి లోహం మీదికి వదులుతాయి. ఎర్త్ పిన్ను ఉంటే అది నేలలోకి పోతుంది. పిన్ను లేకపోతే మనిషి కోసం ఎదురుచూస్తుంది. స్క్రూకీ ఎర్త్‌కీ మధ్య 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే 94 కాస్తా 2 వోల్టులకి పడిపోయింది. అంటే లీకవుతున్నది 0.2 మిల్లీ ఆంపియర్లు. ఇంత కరెంటు ప్రాణం తీయదు, నిజమే. కానీ అదే చార్జర్‌లో రేపు ఇన్సులేషన్ పోతే ఆ స్క్రూ మీదికి వచ్చేది మొత్తం 230. పవర్ సప్లైకి గనక ఇదే పని చేసి ఉంటే ఇంకా భయం, అందులో ట్రాన్స్‌ఫార్మర్, ఇనప పెట్టె రెండూ ఉన్నాయి.

ఆ రాత్రే అడాప్టర్ తీసేసి విరగ్గొట్టి పారేశాను. డ్రాయర్‌లో ఉంటే ఎవరైనా వాడతారని భయం. హమ్ కోసం ఎర్త్ తీయొద్దు. ఎవరు చెప్పినా తీయొద్దు.

అయితే ఈ ప్రయోగం ఒక నిజం చెప్పింది. లాప్‌టాప్ ఎర్త్ తీస్తే 17 డీబీ తగ్గింది అంటే, లాప్‌టాప్ నుంచి ఆడియో కేబుల్ షీల్డ్ (తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) మీదుగా రిగ్‌లోకి కరెంటు పారుతోంది. తెంపాల్సిన చోటు ఎర్త్ వైరు కాదు, ఆ షీల్డ్.

మొత్తం ఖర్చు: 480 (అడాప్టర్ ఇంట్లోదే). 350 హెర్ట్జ్: తిరిగి −24.

దశ 4: ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు (మార్చి 23 నుంచి ఏప్రిల్ 1)

600 ఓములకు 600 ఓముల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తెచ్చాను. ఒకటి వెళ్లే ఆడియోకి, ఒకటి వచ్చే ఆడియోకి. పీటీటీకి, అంటే ప్రసారం మొదలుపెట్టే స్విచ్ తీగకి, ఆప్టో కప్లర్ (తీగలు తగలకుండా వెలుతురుతో సంకేతం దాటించేది). అన్నీ ఒక చిన్న ఇనప డబ్బాలో.

1. లాప్‌టాప్ వైపు సాకెట్ల నెగటివ్ డబ్బాకి తగలకూడదు. ప్లాస్టిక్ వాషర్లు వేశాను.
2. రిగ్ వైపు నెగటివ్ మాత్రం డబ్బాకి కలిపాను.
3. రెండు వైపుల నెగటివ్‌ల మధ్య మీటరుతో చూశాను. బీప్ రాకూడదు. రాలేదు.

ఖర్చు: ట్రాన్స్‌ఫార్మర్లు 300, డబ్బా, సాకెట్లు 170, ఆప్టో, రెసిస్టర్లు 40.

కొలత: −25.

ఒక రాత్రంతా ఆ డబ్బా విప్పడం, బిగించడంతో సరిపోయింది. సోల్డరింగ్ మళ్లీ చేశాను, ట్రాన్స్‌ఫార్మర్ కాళ్లు తిప్పి చూశాను. −25 అక్కడే ఉంది. పొద్దున టీ తాగుతూ టేబుల్ వెనక్కి వంగి చూస్తే కనిపించింది: రిగ్ ఫ్రీక్వెన్సీని లాప్‌టాప్ చదవడానికి పెట్టిన క్యాట్ కేబుల్. ఆడియో దారిలో లూప్ తెంపాను, పక్కనే అదే రెండు సామాన్ల మధ్య ఇంకో రాగి తీగ అలాగే ఉంది. పీకాను. −37.

మీ దగ్గర లాప్‌టాప్‌కీ రిగ్‌కీ మధ్య ఎన్ని తీగలుంటే అన్నీ లెక్కపెట్టండి. ఒక్కటి మిగిలినా లూప్ మిగిలినట్టే. మార్కెట్లో యూఎస్‌బీ ఐసోలేటర్ బోర్డులు దొరుకుతాయి, నేను అప్పటికి క్యాట్ లేకుండానే కానిచ్చాను.

−37 దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి డబ్బా ఇన్‌పుట్‌ని చిన్న తీగతో షార్ట్ చేసి, అవుట్‌పుట్ మీద మీటరు పెట్టాను. లోపలికి ఏమీ రావట్లేదు కాబట్టి సున్నా ఉండాలి. 3.1 మిల్లీవోల్టులు చూపించింది.

డబ్బా పవర్ సప్లైకి జానెడు దూరంలో ఉంది. పవర్ సప్లైలోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. నేను పెట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని యాంటెన్నాలా పట్టుకుంటోంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని డబ్బాని టేబుల్ మీద మెల్లగా తిప్పాను. గోడ వైపు తిప్పుతుంటే హమ్ పెరుగుతూ వచ్చింది, కిటికీ వైపు తిరిగేకొద్దీ సన్నబడింది, ఒక కోణం దగ్గర దాదాపు వినిపించకుండా పోయింది. ఇంకో వేలెడు తిప్పితే మళ్లీ మొదలు. ఆ కోణం దగ్గర మీటరు 0.6 మిల్లీవోల్టులు చూపించింది. మొదటున్న దానికి సరిగ్గా అడ్డంగా, 90 డిగ్రీలు. తర్వాత డబ్బాని రెండు అడుగులు దూరం జరిపితే 0.2.

పెన్సిల్‌తో టేబుల్ మీద దాని చుట్టూ గీత గీశాను, ఎవరూ జరపకుండా.

మొత్తం ఖర్చు: 990. 350 హెర్ట్జ్: −49.

దశ 5: మైక్ ప్లగ్గు (ఏప్రిల్ 6)

చిన్న పని. మైక్ బదులు 600 ఓముల రెసిస్టర్ పెట్టి కొలిస్తే −44 వచ్చింది. ప్లగ్గు విప్పి చూస్తే తప్పు నాదే. షీల్డ్‌ని పీటీటీ నెగటివ్ పిన్నుకి సోల్డర్ చేసి ఉన్నాను. మైక్ తిరుగు తీగ, పీటీటీ కరెంటు, షీల్డ్ పట్టుకున్న చెత్త, మూడూ ఒకే సన్నని తీగలో పోతున్నాయి. లోపల రెండు తీగలున్న షీల్డ్ కేబుల్ తెచ్చాను. షీల్డ్ ప్లగ్గు లోహపు తొడుగుకి, మైక్ నెగటివ్ దాని పిన్నుకి, పీటీటీకి వేరే జత. −57.

మొత్తం ఖర్చు: 1,080.

దశ 6: రెండు ఎర్తులు (ఏప్రిల్ 12 నుంచి 28)

అసలు వేరు ఇక్కడుంది. నేను దీన్ని ముందే చేసి ఉంటే దశ 4లో సగం పని తప్పేది.

లూప్ తెంపాను సరే, కానీ ఆ లూప్‌లో కరెంటును తోస్తున్నది ఏమిటి? గదిలో ఉన్న రెండు సాకెట్లలో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిచాను. లాప్‌టాప్ సాకెట్‌లో 229. పవర్ సప్లై సాకెట్‌లో 140, 170, మళ్లీ 150, ఒక చోట నిలవడం లేదు. ఎర్త్ తీగ స్క్రూ వదులై ఊరికే వేలాడుతోంది. ఇన్నాళ్లూ నా పవర్ సప్లైకి ఇంటి ఎర్త్ లేదు. రిగ్‌కి ఉన్నదల్లా గోడ అవతలి రాడ్డే.

ఆ రాడ్డు సంగతి కూడా చెప్పాలి. మా వీధిలో రెండు మూడడుగులు తవ్వితే బండ తగులుతుంది. రాడ్డు మూడడుగులే దిగింది. పైన ఎర్రమట్టి, ఏప్రిల్ వచ్చేసరికి బొరుగుల్లా ఎండిపోతుంది. ఎండిన మట్టిలో ఎర్త్ అంటే పేరుకే. ఇంటి ఎర్త్ గుంత ఇంటికి ఆ చివర, బోరు దగ్గర ఉంది.

రాడ్డుకీ ఇంటి ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టాను: 2.6 వోల్టులు ఏసీ. కింద నీళ్ల మోటరు వేయగానే 4.1. ఈ వోల్టేజే లాప్‌టాప్ ఎర్త్ నుంచి నా ఆడియో కేబుల్ మీదుగా, రిగ్ మీదుగా రాడ్డులోకి పరుగెత్తుతోంది. కర్నూలు పెద్దాయన బోరు మోటరు అన్నది ఊరికే పోలిక కాదు, కొంతవరకు నిజంగానే ఆయన మా మోటరును విన్నారు.

చేసిన పనులు:

1. సాకెట్ స్క్రూ, మెయిన్ బోర్డు పని నేను ముట్టుకోలేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఆయన బోర్డు ఆపి, మిద్దె మీదికి వచ్చే ఎర్త్ తీగ మొత్తం వెతికి ఇంకో చోట కూడా వదులు పట్టుకున్నాడు.
2. రాడ్డునీ ఇంటి ఎర్త్ గుంతనీ 10 చదరపు మిల్లీమీటర్ల ఆకుపచ్చ రాగి తీగతో కలిపించాను. 14 మీటర్లు పట్టింది. క్లాక్ టవర్ దగ్గరి షాపులో మీటరు 110.
3. టేబుల్ వెనక ఒక ఇత్తడి పట్టీ. రిగ్, పవర్ సప్లై, దశ 4లో కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ల డబ్బా, ఒక్కోదాని నుంచి ఒక్కో తీగ నేరుగా పట్టీకి. ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసుగా కాదు.
4. లాప్‌టాప్ చార్జర్, పవర్ సప్లై రెండూ ఒకే సాకెట్ నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో.
5. ఇంటి ఎర్త్ గుంతలో పాత ఉప్పు ఎప్పుడో కరిగిపోయింది. బొగ్గు, ఉప్పు మళ్లీ నింపి, వారానికి రెండు బిందెల నీళ్లు పోస్తున్నాం.

మొదట 3 చేయకుండా 2 మాత్రమే చేసి కొలిచాను, ఏది ఎంత పనిచేసిందో తెలియాలని. కలిపాక రిగ్ బాడీకీ లాప్‌టాప్ ప్లగ్గు తొడుగుకీ మధ్య 2.6 కాస్తా 0.3 అయింది. పట్టీ, ఒకే సాకెట్ అయ్యాక 0.02. మోటరు వేసినా 0.03.

క్యాట్ కేబుల్ మళ్లీ గుచ్చాను. లూప్ ఉంది, కానీ తోసేదే లేదు: −54. పీకితే −56. రెండు డీబీ కోసం సదుపాయం వదులుకోను, ఉంచేశాను.

ఉరుములు వస్తే యాంటెన్నా పీకడం మాత్రం మానొద్దు. ఈ ఎర్త్ హమ్‌కీ షాకుకీ పనికొస్తుంది, బండ మీది మూడడుగుల రాడ్డు పిడుగుని మోయలేదు.

ఖర్చు: తీగ 1,540, పట్టీ 260, క్లాంపులు 120, బొగ్గు, ఉప్పు 200, కూలి 500.
మొత్తం ఖర్చు: 3,700. 350 హెర్ట్జ్: −54 (క్యాట్‌తో).

దశ 7: రాత్రి మాత్రమే వచ్చే హమ్ (మే 3 నుంచి 18)

ఇప్పుడు ఆ 900, 1100. పొద్దున −52, రాత్రి −23. ఎర్త్ పని అంతా అయ్యాక కూడా అవి అలాగే ఉన్నాయి.

రాత్రి ఏడున్నరకి సాకెట్‌లో వోల్టేజ్ చూశాను. 198. పొద్దున 228 ఉంటుంది. ఎండలు మొదలయ్యాక సాయంత్రమైతే వీధిలో అన్ని ఏసీలూ ఒకేసారి మొదలవుతాయి.

నా పవర్ సప్లైలో 20 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, మూడు 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, వోల్టేజ్‌ని 13.8 దగ్గర నిలబెట్టే రెగ్యులేటర్‌గా 723 ఐసీ, 3055 ట్రాన్సిస్టర్లు. రెగ్యులేటర్ పని చేయాలంటే కెపాసిటర్ మీద వోల్టేజ్ 13.8 కన్నా కనీసం 3 ఎక్కువ ఉండాలి. అది కూడా సగటు కాదు, అల కింది అంచు. అల ఒక్క క్షణం ఆ గీత కిందికి జారినా ఆ క్షణం రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, సెకనుకు 100 సార్లు.

అలను తెర మీద చూపే స్కోపు లేకుండా కూడా ఆ కింది అంచు లెక్కకట్టవచ్చు. 50 వాట్ల టోన్ పంపుతూ, అంటే రిగ్ 13 ఆంపియర్లు లాగుతుండగా, కెపాసిటర్ మీద కొలిచాను:

డీసీ 17.4. ఏసీ 1.4.
అల రంపపు పళ్లలా ఉంటుంది కాబట్టి ఏసీ అంకెని 3.46తో గుణిస్తే పూర్తి ఎత్తు: సుమారు 4.8.
కింది అంచు: 17.4 నుంచి అందులో సగం తీసేస్తే 15.0.
మిగులు: 15.0 − 13.8 = 1.2 వోల్టులు. కావాల్సింది 3.

కెపాసిటర్లలో చార్జి ఖాళీ చేయడానికి 100 ఓముల 10 వాట్ల రెసిస్టర్ తాకించి, మీటరు సున్నా చూపించేదాకా ఆగాను. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. పాలిటెక్నిక్‌లో పనిచేసే మిత్రుడి మీటరుతో ఒక్కోటి కొలిస్తే 9,200, 8,900, 4,100. మూడోది హీట్‌సింక్‌కి ఆనుకుని ఉంది. పై మూత కాస్త ఉబ్బింది, వేలితో తడిమితేనే తెలుస్తోంది, కంటికి కనబడదు. మా ఊరి ఎండలో పదేళ్లు హీట్‌సింక్ పక్కన నిలబడి లోపల ఎండిపోయింది.

వేరే పని మీద బెంగళూరు వెళ్లినప్పుడు ఎస్పీ రోడ్డులో నాలుగు కొత్తవి తెచ్చాను. 10,000 మైక్రోఫారడ్, 50 వోల్టులు, 105 డిగ్రీలవి, ఒక్కోటి 350. ఈసారి హీట్‌సింక్‌కి దూరంగా, పెట్టెకి ఆ పక్కన బిగించాను.

బ్రిడ్జి నుంచి వచ్చే తీగలు ముందు కెపాసిటర్ల దగ్గర ముగియాలి, అక్కడి నుంచే రెగ్యులేటర్‌కి, 723 నెగటివ్‌కి వేరే తీగలు మొదలవాలి. పాత అమరికలో 723 నెగటివ్‌ని బ్రిడ్జికీ కెపాసిటర్‌కీ మధ్య తీగ మీద ఎక్కడో కలిపి ఉంది. చార్జింగ్ కరెంటు దెబ్బలు దెబ్బలుగా ఆ తీగలోనే పోతుంది. అదీ సరిచేశాను.

కొత్త కొలత, మళ్లీ 198 వోల్టుల దగ్గర: డీసీ 18.4, ఏసీ 0.8, అల 2.8, కింది అంచు 17.0, మిగులు 3.2.
900, 1100 దగ్గర: పొద్దున −53, రాత్రి −50.

మే 16న వోల్టేజ్ 191కి పడింది. అప్పుడు −31. అంటే అంచు మీదే ఉన్నాను. పరిష్కారం ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇంకో రెండు వోల్టులు చుట్టించడం, కానీ అప్పుడు పొద్దున 228 ఉన్నప్పుడు ట్రాన్సిస్టర్లు అనవసరంగా కాగుతాయి. ఇప్పటికి టేబుల్ మీద వోల్ట్‌మీటర్ పెట్టుకుని, 195 కిందికి పోతే 30 వాట్లకు తగ్గిస్తున్నాను. రిగ్ తక్కువ లాగితే అల కూడా చిన్నదవుతుంది.

మొత్తం ఖర్చు: 5,100.

ఇప్పటి లెక్క (మే 18 రాత్రి, 201 వోల్టులు)

350: −24 నుంచి −55.
400: −39 నుంచి −57.
900, 1100: −23 నుంచి −51.
మైక్ దారి: −44 నుంచి −58.
బ్యాటరీ అడుగు రేఖ: −62.

మే 19 పొద్దున 40 మీటర్ల మీద కర్నూలు పెద్దాయనకి నేనేమీ చెప్పలేదు. మామూలుగా పిలిచి వాతావరణం మాట్లాడాను. నాలుగో నిమిషంలో ఆయనే, "మోటరు ఆపినావా ఏం?" అన్నారు. కింద మోటరు తిరుగుతూనే ఉంది, ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. ఆ సంగతి చెబితే ఆయన చాలాసేపు నవ్వారు. నాకు మాత్రం గొంతు పట్టేసినట్టయింది, రెండు సెకన్లు పీటీటీ నొక్కలేకపోయాను.

మిగిలిన పనులు

ఇన్వర్టర్: మాది చతురస్రపు అలల పాత ఇన్వర్టర్. కరెంటు పోయినప్పుడు దాని మీద నడిపితే 350 మళ్లీ −33కి వస్తుంది, అలలో గుణిజాలు అంత ఎక్కువ. కరెంటు పోతే పవర్ సప్లై స్విచ్ ఆపి రిగ్‌ని నేరుగా వేరే 12 వోల్టుల బ్యాటరీకి మార్చే ఏర్పాటు సగంలో ఉంది. డీసీ స్విచ్, 25 ఆంపియర్ల ఫ్యూజు తేవాలి.

ఫ్యాన్ రెగ్యులేటర్: ఇది వినడంలో వచ్చే మోత, పంపడంలో కాదు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌ని మధ్యలో పెడితే 40 మీటర్ల మీద గరగర. ఐదులో పెట్టినా, పూర్తిగా ఆపినా ఉండదు. పాతకాలం పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఒకటి పాత సామాన్ల కొట్లో దొరికింది. వచ్చే ఆదివారం ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు. బిగించాక ముందు, తర్వాత కొలతలు ఇక్కడే రాస్తాను.